ప్యాకింగ్ కాడనే ఎందుకు ఆగాలె?



బెల్లంపల్లిల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న మేం కొందరం కలిసి రాస్తున్న పోస్టు ఇది. జర పొడుగుంటది, ఓపికతోటి చదవండ్రి. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. తప్పులుంటే దిద్దండ్రి. కోపం తగ్గించుకోమని మాత్రం అనకండ్రి.

మొన్న ఒక జాబ్‌మేళాకు పోయినం. రోగ పరీక్షల కిట్లు చేసే కంపెనీ నుంచి ఒక సారు వచ్చిండు. "ప్యాకింగ్‌ల పని ఉంది, రూము ఫ్రీ, ఓటీ ఉంటది" అన్నడు. మాలో ఒకడు లేచి "సార్, ప్రాసెస్ ఇంజినీర్ కావాలంటే ఏం చదవాలె?" అని అడిగిండు. సారు నవ్విండు. "అది మీకెందుకు బాబూ" అన్నడు. పక్కన కూసున్న మనోళ్లు గూడ నవ్విండ్రు. సారు నవ్వు కంటే ఆ నవ్వే మాకు ఎక్కువ మండింది.

మాకెందుకో చెప్తం.

వానలు పడంగనే మన గూడేలల్ల జరాలు మొదలైతయి. ఆశ అక్క వచ్చి వేలు పొడిచి, మలేరియా కార్డు మీద రక్తం చుక్క వేస్తది. జరసేపటికి గీతలు వస్తయి. ఆ ప్లాస్టిక్ డబ్బీల ఉండేది నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ. దాని మీద యాంటీబాడీల గీత గీసి ఉంటది, కంటికి కనపడదు. ఒక కొసకు బంగారు నానో కణాలు ఆరబెట్టిన ప్యాడ్ ఉంటది. నిజంగ బంగారమే, ఆ ఎర్ర రంగు దానిదే. రక్తంల మలేరియా క్రిమి ప్రొటీన్ ఉంటే బంగారు కణాలు దాన్ని పట్టుకొని పోయి గీత కాడ ఆగుతయి.

ఆ గీతకు సెంటీమీటరుకు ఎన్ని మైక్రోలీటర్లు పడాలె, ఎంత వేడిల ఎంతసేపు ఆరాలె, గదిల తేమ ఎంత దాటొద్దు, పౌచ్‌ల సిలికా జెల్ ఎంత పెట్టాలె? ఇయ్యన్నీ తేల్చి, నిరూపించి, కాగితం మీద పెట్టేటోడే ప్రాసెస్ ఇంజినీర్. లక్షో పట్టీ గూడ మొదటి పట్టీ లెక్కనే పని చేయాలె. గదే ఆయన కొలువు.

ఇగ కిట్ డబ్బా మీద చూడండ్రి. చాలావాటి మీద 30 డిగ్రీలు దాటొద్దని, కొన్నిటి మీద 40 దాకా అని రాసి ఉంటది. మే నెలల మన దిక్కు 45 అయితది. రేకుల ఇంట్ల, సంచిల పెట్టిన కిట్ ఏం గావాలె? వేడికి యాంటీబాడీ దెబ్బతింటే జరమున్నోనికి గూడ గీత రాకపోవచ్చు. కంట్రోల్ గీత మాత్రం మంచిగనే రావచ్చు, దాని యాంటీబాడీ వేరు గదా. "నెగెటివ్" అని పిల్లను ఇంటికి తోలుతరు. కంపెనీలల్ల కిట్లను వేడి పెట్టెలల్ల వారాలకొద్ది పెట్టి చూస్తరు, కాదనం. కానీ ఆశ అక్క సంచి ఎంత కాగుతదో, వాగు దాటేటప్పుడు ఎట్ల తడుస్తదో ఆ ఏసీ గదిలున్నోళ్లల్ల ఎందరికి ఎరుక?

సికిల్‌సెల్ సంగతి గూడ గంతే. 2023 జులై 1న మధ్యప్రదేశ్ షహడోల్‌ల కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. 40 ఏండ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేస్తమన్నరు, 2047 నాటికి రోగమే లేకుండ చేస్తమన్నరు. ఆ వేళ్లల్ల ఎక్కువ ఆదివాసులయే. కిట్లు చేసే చేతులల్ల మనయి ఎన్ని? ఉన్నా ఏ టేబుల్ కాడ?

సర్కారు కొలువు కాకుంటే అది కొలువే కాదంటరు మన పెద్దలు. వాళ్ల భయం ఉత్తది కాదు. ప్రైవేటుల రిజర్వేషన్ లేదు, రేపు తీసేస్తే అడిగేటోడు లేడు. కానీ ప్యాకింగ్ గూడ ప్రైవేటే గదా? దానికైతే సంచి సర్ది పంపుతిరి!

హైదరాబాద్ పక్కన సుల్తాన్‌పూర్‌ల మెడికల్ డివైసెస్ పార్కుకు 2017లనే పునాది వేసిండ్రు. బెల్లంపల్లిల రైలెక్కితే ఒక పూట తొవ్వ. మన ఊర్లనే సర్కారు పాలిటెక్నిక్ ఉంది. కెమికల్, మెకానికల్, బయోటెక్ చదివినోళ్లు ఈ పనికి పోతరు. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చేసినోళ్లు క్వాలిటీ కంట్రోల్ నుంచి మొదలుపెట్టొచ్చు. ఈ ముక్క ఇంటర్‌ల గ్రూపు తీసుకునే నాడు మాకు ఎవ్వలూ చెప్పలె. సీటు వచ్చిన కాడ చేరినం.

ఉట్నూరు ఐటీడీఏకు మేం దరఖాస్తు రాస్తున్నం. జాబ్‌మేళాకు కంపెనీలను పిలిచేటప్పుడు ప్యాకింగ్ పోస్టుల లిస్టు ఒక్కటే కాదు, టెక్నికల్ పోస్టుల లిస్టు గూడ తెమ్మనాలె. ఏడాదికి ఒక్క బస్సన్న పెట్టి ఇంటర్ పిల్లలకు అసొంటి ఫ్యాక్టరీ చూపియ్యాలె. సంతకాలు పెట్టేటోళ్లు ఆదివారం హాస్టల్‌కు రాండ్రి.

ఈ గ్రూపుల ఎవలన్న కిట్ల కంపెనీల ఉంటే, ప్యాకింగ్‌ల ఉన్నా సరే, మీ లైన్ చూసే ప్రాసెస్ ఇంజినీర్ ఏం చదివిండో అడిగి కింద రాయండ్రి.

జై కొమురం భీం!