అద్దం పెట్టే ముందు దిక్కు చూడండి బాబూ

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మనవాళ్ళలో ఎంతమంది కొత్తగూడ దగ్గరున్న సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ లోపలికెళ్ళి చూసుంటారు? ట్రాఫిక్కుని తిట్టుకుంటూ ఆ దారినే పోతుంటాం. 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న మొదటి కట్టడం అదే. పర్యావరణానికి మేలుచేసే వస్తువుల ప్రదర్శనశాల కూడా అందులోనే ఉంది గానీ, నన్నడిగితే అక్కడ చూడాల్సింది ఆ బిల్డింగునే.

గుండ్రటి భవనం, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. ఎండని విరగ్గొట్టే జాలీలు. ఏసీలకి వెళ్ళే గాలిని ముందే కాస్త చల్లబరిచి పంపే రెండు గాలి బురుజులు. కప్పు మీద సగానికి పైగా పచ్చిక. అద్దాలూ ఉన్నాయండోయ్, కాకపోతే ముఖ్యంగా ఉత్తరం వైపు: వెలుతురొస్తుంది, ఎండ రాదు. వాడిన నీళ్ళు మొక్కల వేళ్ళ మధ్య వడకట్టుకుని తోటకే పోతాయి. సోలార్ పలకలూ ఉన్నాయి, అవి నా లెక్కలో ఆఖరున. ముందు కరెంటు అవసరం తగ్గించుకోవాలి కదా!

ఇందులో మనకి కొత్తదేముంది? మా పెన్‌పహాడ్ వైపు పాత భవంతి ఇళ్ళల్లో నడిమి వాకిలి ఉండేది, గోడలు మూరెడు మందం. ఇప్పుడు సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా లేస్తున్న ఫంక్షన్ హాళ్ళు చూడండి. పడమటికి నిలువెత్తు అద్దం, పైన రేకు. పెళ్ళిళ్ళేమో నడి వేసవిలో! కట్టాక వేడెక్కిందని ఇంకో నాలుగు ఏసీలు, ఇంకో జనరేటరు. రిలీజు ముందురోజు పర్ఫార్మెన్స్ గుర్తొచ్చే మన ప్రాజెక్టుల్లాగే.

గోద్రెజ్ సెంటరుకి ఖర్చెక్కువయింది నిజమే, అప్పట్లో సామాను దొరకడమే కష్టం. కానీ అద్దం దిక్కు మార్చడానికి ఖర్చేంటి? ఒక్క పెళ్ళికి వెయ్యిమంది చేతులు కడుక్కునే నీళ్ళు రోడ్డు పక్క కాలవలోకి పోతాయి, అటుపక్క బోరు మోటారు మోగుతూనే ఉంటుంది. నూనె తేరడానికో తొట్టి, తర్వాత కంకర పరిచి మెట్టతామర నాటిన గుంత ఉంటే ఆ నీళ్ళు చెట్లకి పనికొస్తాయి. పిలకలు కొనక్కర్లేదు, ఎవరి పెరట్లో అడిగినా ఇస్తారు.