ఒక్క పేదరికానికి ఎన్ని దరఖాస్తులు?

గన్నవరంలో విమానం దిగే పెట్టుబడిదారుకు ఆంధ్రప్రదేశ్ సర్కారు 2015లోనే సింగిల్ డెస్క్ వేసింది. ఒక్కచోట అర్జీ పెట్టుకో, 21 పనిదినాల్లో అనుమతులన్నీ తీసుకుపో అంది. అదే గన్నవరంలో నాట్లకు పోయే తల్లి తన కూతుర్ని డిగ్రీలో చేర్పిస్తే? ఆమెకు ఏ డెస్కూ లేదు. రెవెన్యూ ఆఫీసు, ఆధార్ కేంద్రం, బ్యాంకు, కాలేజీ... తిరుగుడే తిరుగుడు!

విద్యార్థి మిత్రులారా, ముందు ఈ కాగితాల గుట్టు తెలుసుకోండి. కాలేజీ ఫీజు కోసం ఇచ్చేది ఆర్టీఎఫ్. తిండికీ బసకూ ఇచ్చేది ఎంటీఎఫ్. రెండూ రాష్ట్రానివే, జ్ఞానభూమి ద్వారా వస్తాయి. ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు.

ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన వాళ్లకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ వేరు. డిగ్రీకి ఏడాదికి 12 వేలు. దానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆదాయం హద్దు నాలుగున్నర లక్షలు. అయితే ఒక మెలిక ఉంది. రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటుంటే ఇది రాదు! ఏది లాభమో లెక్క వేసుకున్నాకే దరఖాస్తు చేయండి.

ఇక విద్యాలక్ష్మి. పేరు చూసి మోసపోకండి, అది సాయం కాదు, అప్పు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కూడా అంతే. ఎంపిక చేసిన కాలేజీల్లో సీటొస్తే, 8 లక్షల లోపు ఆదాయం వాళ్లకు వడ్డీలో 3 శాతం రాయితీ. అసలు మీరే కట్టాలి.

రెండున్నర, నాలుగున్నర, ఎనిమిది. ఒకే ఇంటి ఆదాయానికి మూడు గీతలు! ఏ గీత ఎందుకు గీశారో అడిగితే చెప్పే నాథుడు లేడు.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పుడు అది హక్కు అన్నారు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి. మరి ఫారాలు తగ్గాయా? తెలంగాణలో వెంటనే ఫాస్ట్ అన్నారు. 1956కు ముందు నుంచి ఇక్కడున్నట్టు రుజువు చూపమన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు తాతముత్తాతల కాగితాలు ఎక్కడ తేవాలి? హైకోర్టు నిలదీసింది, 2015లో ఫాస్ట్ అటకెక్కింది. ఆంధ్రలో 2019 తర్వాత విద్యాదీవెన, వసతిదీవెన అన్నారు. తల్లి ఖాతా అన్నారు, ఆ తర్వాత జాయింటు ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక, మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. పాలకుడు మారినప్పుడల్లా క్యూలో నిలబడేది మాత్రం ఆ తల్లే.

సర్కారు బకాయి పెడితే కాలేజీ విద్యార్థి సర్టిఫికెట్లు ఆపేస్తుంది. బాకీ పడిందెవరు? జామీను ఎవరిది?

ఉద్యోగ మిత్రులారా! మీ బల్ల మీదికొచ్చే కాగితం వెనుక ఒక ఏడాది చదువుంది. ‘రిజెక్టెడ్’ అని ఒక్క మాట కొట్టి పంపొద్దు. ఏ కారణంతో, ఎక్కడ సరిదిద్దుకోవాలో రాసివ్వండి.

మన డిమాండ్లు మూడే. ఆధార్, రేషన్ కార్డు, మార్కుల వివరాలన్నీ సర్కారు దగ్గరే ఉన్నాయి కాబట్టి ఒకే దరఖాస్తు పెట్టాలి. ఎవరికి ఏ సాయం దక్కుతుందో సర్కారే తేల్చి చెప్పాలి. బకాయిల పేరిట సర్టిఫికెట్ ఆపడం నేరం కావాలి. ఇది దయాధర్మం కాదు, చదువుకునే హక్కు!