తొట్టి, బావి, బొజ్జ

గ్రీసు దేశపు లెస్బోస్ ద్వీపం నుండి నా పూర్వ విద్యార్థి ఒకడు మొన్న ఒక ఛాయాచిత్రం పంపినాడు. ఆలివ్ తోటల నడుమ పల్లానికి అడ్డంగా రాతి కమానులు వరుసగా నిలిచి ఉన్నాయి. రోమనుల కాలంలో కొండ ఊటనీటిని సుమారు 26 కిలోమీటర్లు నడిపించి మితిలీని పట్టణానికి చేర్చిన కట్టడమట. మోరియా అనే ఊరి దగ్గర మిగిలిన భాగం అది. యాత్రికుల రద్దీ లేని చోటు కాబట్టి గంటసేపు ఒంటరిగా తిరిగినాడట. చిత్రం కింద ఒకే ప్రశ్న: "మాస్టారూ, దీనిని తెలుగులో ఏమంటారు?"

జీవితమంతా తెలుగు చెప్పినవాడిని, అటువంటి ప్రశ్న చూస్తే చేయి ఊరుకోదు. "జలసేతువు" అని రాసినాను. సేతువు మనిషిని నీటి మీదుగా దాటించేది కదా, నీరే దాటిపోయేదానికి ఆ మాట తగునా అని కొట్టివేసినాను. "పైకాలువ" అని రాసి, అదీ నచ్చక, చివరకు "అక్విడక్టు" అని పంపినాను. పండితుడు ఓడిపోయినాడని వాడు నవ్వుకొని ఉండవచ్చు. నేను ఓడిపోలేదు. ఆ మాట మన కోనసీమ రైతు నోట తరాల తరబడి నలిగి తెలుగైపోయినది.

లెస్బోస్ వంటి ద్వీపం మనకూ ఉన్నది. దానిని మనం లంక అంటాము. వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ ఉన్న నగరం లంకకు చుట్టూ నీరే, పొలానికి మాత్రం కాలువ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత, 1852-53లో, ఆర్థర్ కాటన్ కింద పనిచేసిన హేగ్ అనే ఇంజనీరు గన్నవరం వద్ద వైనతేయ మీద 40 అడుగుల కమానులు 49 కట్టి, వాటి మీదుగా కాలువను లంకకు దాటించినాడు. కింద నది, పైన కాలువ. తరువాతి కాలంలో పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన తల్లి పేరు, అన్నం పండించే నీటికి. ఇంతకంటె ఉచితమైన నామకరణం నేనెరుగను.

విద్యార్థికి జవాబు పంపినాను గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. రాతి కట్టడం కూలినా పేరు మిగులుతుంది. పేరుకు అర్థం తెలిసినంత కాలం ఆ కట్టడం సగమైనా బ్రతికే ఉంటుంది. అర్థం మరచిన నాడు మిగిలిన సగమూ పోతుంది. దీనికి మా ప్రాంతంలోనే రెండు విధాలైన సాక్ష్యాలున్నాయి.

మొదటిది విశాఖపట్నం, భీమునిపట్నం నడుమ సముద్రతీరాన ఉన్న తొట్లకొండ. 1976లో నౌకాదళం కోసం జరిపిన విమాన సర్వేలో అక్కడి శిథిలాలు బయటపడినాయి. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలు జరిపి స్తూపాలను, చైత్యాలను, భిక్షువుల గదులను వెలికితీసినది. అక్కడ బౌద్ధులుండేవారని ఊరివారికి అంతవరకు తెలియదు. కాని అక్కడ తొట్లున్నాయని తెలుసు. వాననీటిని నిలువ చేసుకొనడానికి భిక్షువులు బండలో తొలిచిన తొట్లవి. బుద్ధుని మరచిపోయిన జనం ఆయన శిష్యులు తాగిన నీటి తొట్లను మరచిపోలేదు, కొండకే ఆ పేరు పెట్టుకొన్నారు. దానికి సమీపంలోనే ఉన్న బావికొండ సంగతీ ఇంతే. అక్కడ జనం గుర్తుంచుకొన్నది బావులను. వేసవిలో ఆ కొండెక్కే పశువుల కాపరికి స్తూపం కంటె బావి ముఖ్యం గదా!

ఈ శిథిలాలు చూడబోయినవారు విగ్రహం కోసం వెతికి, కనబడకపోతే "ఏముందండీ, ఇటుకలూ గుంటలూ" అని దిగి వచ్చేస్తారు. ఆ గుంటలనే చూడమని నా మనవి. ఆ కొండమీద అంతమంది శతాబ్దాల పాటు ఎట్లా బ్రతికినారన్న ప్రశ్నకు సమాధానం వాటిలోనే ఉన్నది.

రెండవ సాక్ష్యం చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నది. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామాన బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. కొండరాతినే తొలిచిన గుహలు, ఏకశిలాస్తూపాల వరుసలు. 1907-08లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపినాడు. సంఘారామం శంకరమైనదని, బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయినదని పెద్దలు చెబుతారు. కాని జనానికి ఆ పేరులో బుద్ధుడు కనబడలేదు, బొజ్జ కనబడినది. పొట్టలాగా ఉబ్బిన ఒక రాయిని రాక్షసుని బొజ్జగా భావించి, కనుమ నాడు వేలమంది చేరి దానిపై రాళ్ళు రువ్వేవారు.

మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. తొమ్మిదేళ్ళ వయసులో మా మేనమామ వేలు పట్టుకొని వెళ్ళి నేనూ మూడు రాళ్ళు విసిరినాను. రెండు తగిలినాయి. ఇంటికి వచ్చి గొప్పగా చెప్పుకొన్నాను కూడా. పండిత శిక్షణలో ఉండగా ఆ పేరు వెనుక ఉన్న పేరు తెలిసినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్మారక పరిరక్షకులు, అధికారులు పూనుకొని తరువాతి కాలంలో ఆ ఆచారాన్ని ఆపించినారు. నా రెండు రాళ్ళను మాత్రం ఎవరూ వెనక్కు తీయలేరు.

మా మామ దుర్మార్గుడు కాడు. ఆయనకు ఆ పేరుకు అర్థం చెప్పినవారు లేరు, అంతే. తొట్టి అంటే తెలిసిన జనం తొట్టిని కాపాడినారు. బొజ్జన్న అంటే ఎవరో తెలియని జనం రాయి ఎత్తినారు.

ఇప్పుడు మా ఊరి మాట. కృష్ణదేవిపేట అంటే అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరు. 1922 ఆగస్టు 23న ఆయన దళం మా పోలీసుఠాణాపై దాడి చేసినది. అటువంటి ఊరిని బస్సు బోర్డు మీద "కె.డి.పేట" అని రెండక్షరాలకు కుదించినాము. కేడీ అంటే పోలీసుల పుస్తకంలో పాత నేరస్థుడు. ఆనాటి ఠాణా మీద ఇది కాలం ఆడిన పరిహాసమని నేను నవ్వుకొంటాను గాని, "ఎవరు మాస్టారూ ఆ కృష్ణదేవి?" అని అడిగే పిల్లవాడు ఇప్పుడు కనబడడం లేదు.

పేర్లకు అర్థాలు చెప్పబోయి ఊహలల్లేవారూ ఉన్నారని మీరనవచ్చు. నిజమే. బొజ్జన్నను బొజ్జతో ముడిపెట్టినదీ అటువంటి ఊహే. అందుకే నిఘంటువు ఒక్కటే చాలదు, పలుగూ పారా కూడా కావాలి. పురావస్తుశాఖవారు తమ పని చేసినారు. తెలుగు మాస్టార్లు తమ వంతు చేయవద్దా? వారానికొక పీరియడు పిల్లలచేత తమ ఊరి గట్టు పేరు, దిబ్బ పేరు, చెరువు పేరు రాయించి, ఎందుకట్లా అంటారో ఇంట్లో పెద్దవారిని అడిగి రమ్మంటే ఖర్చేమున్నది? అడగవలసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

మిత్రులారా, మీ ఊళ్ళోనూ ఏదో ఒక పాటిమట్టి దిబ్బో, దిగుడుబావో, పూడిపోయిన కాలువో ఉండే ఉంటుంది. దాని పేరేమిటో, ఆ పేరుకు అక్కడివారు చెప్పే అర్థమేమిటో వ్యాఖ్యలలో రాయండి. అర్థం తెలియకపోతే పేరు మాత్రమే రాయండి. ముందుగా అది పోకుండా ఉంటే, అర్థం చెప్పేవారు తరువాతనైనా రావచ్చు.