పసుపు జెర్సీ ఎవరిదమ్మా?

పులస చేప ధరకీ ఫుట్‌బాల్ ఆటకీ సంబంధం ఉందంటే నమ్ముతారా? కలకత్తాలో ఉంది! అక్కడ ఈస్ట్ బెంగాల్ టీము గెలిచిన రోజున ఆ అభిమానుల ఇళ్లలో ఇలిష్ వండుకుంటారు. ఇలిష్ అంటే మరేదో కాదు, గోదావరి జిల్లాల వాళ్లు పుస్తెలమ్మైనా సరే తినాలనే పులసే. మోహన్ బగాన్ గెలిస్తే ఆ పక్షం ఇళ్లలో పెద్ద రొయ్యల కూర. ఎవరు గెలిస్తే వాళ్ల చేప ధర ఆ సాయంత్రం బజార్లో పైకి లేస్తుందని చెప్పుకుంటారు. మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో. అటు తూర్పు బెంగాల్ నుంచి వలస వచ్చిన వాళ్లు ఒక పక్షం, ఇటు పడమటి బెంగాల్ స్థానికులు మరో పక్షం. పెళ్లిచూపుల్లో పిల్లది ఏ టీము ఇల్లని అడుగుతారని కూడా బెంగాలీలు నవ్వుతూ చెబుతారు.

నవ్వులాట అన్నివేళలా నవ్వులాటగా ఉండదు సుమండీ. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు టీముల మ్యాచ్ జరుగుతుంటే గ్యాలరీలో కొట్లాట రేగింది. తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. పొద్దున టిఫిన్ తిని ఆట చూడ్డానికి వెళ్లిన పిల్లలు సాయంత్రానికి ఇంటికి రాలేదు.

వంటల పేజీ పక్కన ఈ ఫుట్‌బాల్ గోలేమిటీ అని విసుక్కోకండి. మా భిక్నూర్‌లో మొన్న ఒకామె బట్టలు ఆరేస్తూ, పసుపు రంగు జెర్సీ ఒకటి చేతిలో పట్టుకుని నన్నడిగింది. "అక్కా, మా పోరడు దీనికి పైసలు పెట్టి కొన్నడు. ఇప్పుడు గా టీమునే ఢిల్లోళ్లు ఎత్కపోయిన్రట గద! టీమును గిట్ల ఎట్ల ఎత్కపోతరు?" ఆ పిల్లాడు హైదరాబాద్‌లో చదువుకుంటూ గచ్చిబౌలి స్టేడియానికి మ్యాచులకు వెళ్లేవాడు. ఊళ్లో ఉన్న రోజుల్లో కూడా నాగపూర్ రోడ్డెక్కి, దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో పోయి, జూబ్లీ బస్టాండులో దిగి, మళ్లీ అక్కణ్ణుంచి గచ్చిబౌలి చేరేవాడు. టికెట్టుకన్నా దారి ఖర్చే ఎక్కువయ్యేదని తల్లి మొత్తుకోలు.

ఆమె అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు 2019లో వచ్చింది. "వచ్చింది" అంటున్నాను, "పుట్టింది" అనడం లేదు, గమనించండి. అంతకుముందు పుణెలో ఎఫ్‌సీ పుణె సిటీ అని ఒక టీము ఉండేది. దాని యజమానులకు డబ్బు చిక్కులొచ్చాయి. ఆ స్థానాన్ని విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని అనే మనవాళ్లు తీసుకుని హైదరాబాద్‌కు తెచ్చారు. ఆ ఏడాదే రానా దగ్గుబాటి కూడా భాగస్వామిగా చేరాడు. మనకు సంబరం, మరి పుణె అభిమానుల సంగతి? వాళ్ల జెర్సీలూ అలాగే అటకెక్కాయి. ఆ ఏడే ఢిల్లీ డైనమోస్ అనే టీము భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఒక ఇంటి సామాను ఇంకో ఇంటికి, అక్కడిది మరో ఇంటికి!

మొదటి ఏడాది మన టీము అట్టడుగున నిలిచింది. 18 మ్యాచుల్లో 10 పాయింట్లు. తర్వాత కోవిడ్ వచ్చి రెండేళ్లు ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ కుర్రాళ్లను నమ్ముకుని టీమును నిలబెట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. చిత్రమేమిటంటే రెండు టీముల రంగూ పసుపే. ఆ రోజు పసుపు కట్టే హక్కు హైదరాబాద్‌కు దక్కింది, గ్యాలరీలో మాత్రం కేరళ పసుపే ఎక్కువ. 68వ నిమిషంలో కేరళ గోలు కొట్టింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1తో కప్పు మనది. అదే రోజున, ఆ ఆట చూడ్డానికి మోటార్ సైకిల్ మీద గోవాకు బయలుదేరిన ఇద్దరు కేరళ కుర్రాళ్లు దారిలో ప్రమాదంలో పోయారు. గెలుపోటముల లెక్కల్లో ఇలాంటివి ఎక్కడా రాయరు.

కేరళ వాళ్లమీద మన కుర్రాళ్లు ఎంత రెచ్చిపోయేవారో ఫోన్లలో వాళ్ల మాటలు విన్న తల్లులకు తెలుసు. సరే, ఆ కేరళ బ్లాస్టర్స్ యజమానులెవరో తెలుసా? 2016లో సచిన్ టెండూల్కర్‌తో పాటు అందులో వాటాలు తీసుకున్నది నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్! సచిన్ 2018లో వాటా అమ్ముకున్నారు. ఇటు హైదరాబాద్ యజమాని వరుణ్ త్రిపురనేని కూడా అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌లోనే పెద్ద అధికారి. పైన ఉన్నవాళ్లు ఒకే బంతిలో కూర్చుని భోంచేస్తారు, కింద మన పిల్లలు ఒకరినొకరు తిట్టుకుంటారు. ఇందులో యజమానుల తప్పేమీ లేదు, వ్యాపారం అంతే. పిల్లలకు ఎవరూ చెప్పరు, అదొక్కటే బాధ.

మరి వ్యాపారంలో లాభమెక్కడ? టికెట్లు, చొక్కా మీద ప్రకటన, టీవీ డబ్బులో వాటా, ఆటగాణ్ణి ఇంకో క్లబ్బుకు పంపితే వచ్చే సొమ్ము, అంతే. ఖర్చు చూడబోతే ఆటగాళ్ల జీతాలు, విదేశీ కోచ్, విమానాలు, హోటళ్లు, పైగా లీగ్‌లో ఉన్నందుకు కట్టాల్సిన ఫీజు. గోవాలో తలుపులు మూసి ఆడిన రోజుల్లో టికెట్టు అమ్మకమే లేదాయె. మన దేశంలో చాలా క్లబ్బులు నష్టంలోనే నడుస్తాయి. అయినా ఎందుకు కొంటారంటే, మా హైవే పక్క ప్లాట్లు కొన్నట్టన్నమాట! ఇవాళ గడ్డి మొలిచినా, రేపు ధర పెరుగుతుందని ఆశ. ధర పెరగకపోతే? పెట్టినవాడు విసిగిపోతాడు.

అదే జరిగింది. 2023-24లో జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఫిర్యాదులు అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా దాకా వెళితే, కొత్తవాళ్లను తీసుకోవద్దని క్లబ్బు మీద నిషేధం పడింది. మిగిలిన కుర్రాళ్లతో తంగ్‌బోయ్ సింగ్తో అనే కోచ్ ఏడాదంతా నెట్టుకొచ్చాడు. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, అయిదు డ్రాలు. కప్పు గెలిచిన రెండేళ్లకే ఈ గతి. లాభం కోసం క్లబ్బు పెట్టడం తప్పు కాదు. మన వీధి చివర కిరాణా కొట్టు కూడా లాభానికే కదా! కానీ పనివాళ్ల జీతం ఎగ్గొట్టి కొట్టు నడిపేవాణ్ణి మనం ఏమంటాం? ఫస్టు తారీఖున జీతం రాకపోతే ఇంట్లో పాలవాడికేం చెప్పాలో తెలిసిన మనకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. 2025 అక్టోబర్‌లో టీము ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి వచ్చింది, ఆరేళ్లుండి వెళ్లింది. భిక్నూర్ పిల్లాడి జెర్సీ తీగ మీద ఉండిపోయింది. వాడు మ్యాచ్ చూసినందుకు డబ్బిచ్చాడు, అరిచినందుకు గొంతు పోగొట్టుకున్నాడు. అయినా టీము ఏ ఊళ్లో ఉండాలో చెప్పే హక్కు వాడికి ఒక్క వోటంత కూడా లేదు.

హైదరాబాద్‌కి ఇది మరీ తలవంపు అని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఒకప్పుడు ఈ దేశపు ఫుట్‌బాల్‌కి హైదరాబాదే పుట్టిల్లులా ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే మాస్టారు తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చింది. ఆయన కోచ్‌గా ఉండగానే ఇండియా 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. 2024లో హిందీలో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. ఆ టీముకు యజమాని పోలీసు డిపార్టుమెంటు. ఆటగాళ్లకు సర్కారు నౌకరీ, నెల జీతం. కోట్లు లేవు, కానీ రాత్రికి రాత్రి టీమును లారీకెక్కించి ఇంకో ఊరికి తరలించే వీలూ లేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో ఎంత పేరు తెచ్చుకున్నాడో పాతతరం వాళ్లనడగండి.

ఇప్పటికీ మన పిల్లలకు ఇలా పరాయి ఊళ్లే దిక్కవుతున్నాయి. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఇండియా జట్టులో ఆడుతోంది. ఆడింది ఏ క్లబ్బులకంటారా? కేరళలో చిట్‌ఫండ్ కంపెనీ వాళ్లు నడిపే గోకులం, ఆ తర్వాత క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్, ఆనక కలకత్తా ఈస్ట్ బెంగాల్. 2022 ఆగస్టులో గోకులం ఆడపిల్లలు ఆసియా క్లబ్బుల పోటీ కోసం తాష్కెంట్ దాకా వెళ్లి, మన ఫుట్‌బాల్ సమాఖ్య మీద ఫిఫా నిషేధం పడటంతో బంతి ముట్టకుండానే తిరిగొచ్చారు. పెద్దమనుషుల కుర్చీల గొడవకు జరిమానా కట్టింది ఆ అమ్మాయిలు.

కలకత్తా అభిమానులకూ యజమానుల బాధ తప్పలేదు. 2020లో ఓ పెద్ద కంపెనీ మోహన్ బగాన్ ఫుట్‌బాల్‌లో 80 శాతం వాటా తీసుకుని, తన పాత టీము పేరు ఏటీకేని ముందు తగిలించింది. పుట్టింటి పేరు తీసేసినట్టు అభిమానులు గోల పెట్టారు. మూడేళ్లు పట్టు విడవలేదు, 2023లో ఆ పేరు తీసేశారు. ఈస్ట్ బెంగాల్‌లో కూడా పెట్టుబడిదార్లు ఒకరి తర్వాత ఒకరు మారారు. 2021 జులైలో క్లబ్బు ముందు గుమిగూడిన సొంత అభిమానుల మీదే లాఠీ పడింది.

కానీ ఇంకో సంగతి చెప్పాలి. 2024 ఆగస్టులో ఆర్.జి.కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ మీద ఘోరం జరిగినప్పుడు, ఆగస్టు 18న జరగాల్సిన ఈ రెండు టీముల మ్యాచును రద్దు చేశారు. రెండు పక్షాల అభిమానులూ స్టేడియం బయట కలిశారు. ఎరుపు-పసుపు చొక్కా వాళ్లు, ఆకుపచ్చ-మెరూన్ చొక్కా వాళ్లు ఒకరి భుజాల మీద ఒకరెక్కి ఆ పిల్లకు న్యాయం కావాలని అరిచారు. ఏ చేప కూర దగ్గరా కలవని వాళ్లు కలిశారు! ఇంగ్లండులోనూ అంతే. 2021 ఏప్రిల్‌లో పన్నెండు పెద్ద క్లబ్బుల యజమానులు తమకు తామే ఒక లాభాల లీగ్ పెట్టుకుందామని చూస్తే, ఎన్నడూ పడని అభిమానులు ఒక్కటై వీధిలోకొచ్చారు. రెండు రోజులు తిరక్కుండా ఆరు ఇంగ్లీషు క్లబ్బులూ వెనక్కి తగ్గాయి.

అయితే మన ఆమె ప్రశ్న ఇంకా మిగిలే ఉంది, టీమును ఎత్తుకుపోకుండా ఆపే దారే లేదా అని. జర్మనీలో ఒక నియమముంది. కొన్ని క్లబ్బులను మినహాయిస్తే, ఎంత డబ్బున్నవాడు వచ్చినా వోట్లలో సగానికి పైన క్లబ్బు సభ్యుల దగ్గరే ఉండాలి. స్పెయిన్‌లో బార్సిలోనాకు అసలు యజమానే లేడు, సభ్యులే వోటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. మన ఊళ్ల మహిళా సంఘం లాంటిదే అనుకోండి. నెలనెలా పొదుపు కట్టేది మనం, లీడరును ఎన్నుకునేది మనం, లెక్క సరిగా లేకపోతే నిలదీసేదీ మనమే. లండన్‌లోని వింబుల్డన్ అభిమానుల కథ వినండి. వాళ్ల టీమును యజమానులు దూరంగా మిల్టన్ కీన్స్‌కి తరలిస్తామంటే, 2002లో వాళ్లే చందాలేసుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త టీము పెట్టుకున్నారు. పార్కులో పిల్లల్ని పిలిచి ఆడించి చూసి ఆటగాళ్లను ఏరుకున్నారట! బాగా కింది లీగ్‌లో మొదలెట్టి 2011కి పెద్ద లీగుల్లోకి ఎక్కారు. 2020లో తమ పాత వీధి ప్లౌ లేన్‌లోనే సొంత స్టేడియం కట్టుకున్నారు.

ఇదంతా చెప్పాక ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఇగ ఈ అంగి పారెయ్యాల్నా, ఉంచాల్నా?" అంది. ఉంచమన్నాను. కప్పు గెలిచిన సంగతి ఏ కంపెనీ వాడూ తరలించలేడు కదా! జెర్సీలున్న తల్లులందరికీ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా. లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్లలో ఉతకండి. బ్రష్ పెట్టి రుద్దకండి. నీడపట్టున ఆరేయండి, లేకపోతే రంగు వెలుస్తుంది. పేరూ నంబరూ అచ్చేసిన చోట ఇస్త్రీ పెట్టెను తిన్నగా తగలనివ్వొద్దు, అతుక్కుపోతుంది. తప్పనిసరైతే పైన పాత నూలుగుడ్డ వేసి తక్కువ వేడి మీద ఒక్కసారి లాగితే చాలు.