ముందు మొక్కు, తర్వాతే బోనం

హైదరాబాద్ పాతబస్తీలో ఎవరినైనా ఎట్లున్నవని అడగండి, ముందు వచ్చే జవాబు 'ఊపర్‌వాలే కా కరమ్', పైవాడి దయ. ధూల్‌పేట్‌లో అదే మాట. కిరాయి కట్టలేదని ఇల్లుగలాయన గల్లీలో నిలబెట్టి కడిగేసిన రోజున కూడా అదే. ఆ మాటతో నాకు తగాదా లేదు. అది పలకరింపు, పరువు దాచుకునే పరదా కూడా. ఎదుటివాడి నోటితో దాన్ని బలవంతంగా పలికించే వాళ్లతోనే నా తగాదా.

2020లో, కరోనా కాలంలో, ఆ బలవంతం ఊపందుకుంది. కష్టంలోనే దేవుణ్ణి ఎక్కువ స్తుతించాలి, ఏది జరిగినా మన మంచికే అని పొద్దున లేస్తే వాట్సాప్‌లో నీతులు. ప్రవచనకారులు, పాస్టర్లు, పక్కింటి పెద్దమనుషులు అందరూ ఒక్క మాట మీదికి రావడం నేను చూసింది అప్పుడే.

ఆ ఏడు ధూల్‌పేట్‌లో సంగతి వేరు. అక్కడ వినాయక విగ్రహాలు చేసే పని పండక్కి నెలల ముందే మొదలవుతుంది. ప్లాస్టర్, కొబ్బరి పీచు, రంగులు, కూలి అన్నిటికీ చాలా ఇళ్లలో అప్పే పెట్టుబడి. మార్చిలో లాక్‌డౌన్ పడింది. చవితికి వీధి మండపాలు వద్దన్నారు. ఖైరతాబాద్ గణపతే అంతకు ముందటేడు 61 అడుగులు, ఆ ఏడు 9 అడుగులు. ఇక చిన్న గల్లీల మాట చెప్పాలా? అమ్ముడుపోని దేవుళ్లు పట్టాలు కప్పుకొని నిలబడ్డారు. వడ్డీకి మాత్రం లాక్‌డౌన్ లేదు. దేవుణ్ణి చేసి అన్నం తినేవాడికి ఫోన్‌లో పాఠం: దేవునికి థాంక్స్ చెప్పు!

ఎందుకు చెప్పాలి? రోగం ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటాను. కానీ అప్పు, వడ్డీ, అందని సాయం, ఇవన్నీ మనుషులు చేసినవే. వీటన్నిటినీ ఒక్క 'మన మంచికే'లో కలిపేస్తే బాధ్యులంతా చల్లగా జారుకుంటారు. స్తుతి చేసేవాడు లెక్క అడగడు గదా.

లెక్క అడిగితే ఏమవుతుందో చూడాలంటే ధూల్‌పేట్‌కు దగ్గర్లోనే పురానాపూల్ వంతెన ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు మిగతా వంతెనలు తెగినా ఇది నిలిచింది. పోయినవాళ్లు దాదాపు 15 వేలని లెక్క చెబుతారు. ఆరో నిజాం నదికి చీరె, ముత్యాలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. నిజమే అనుకుందాం. ఆయన దర్బారు అక్కడితో ఆగలేదు. మరుసటేడు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచన మీద 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు లేచాయి. అంతా మంచికే అనుకుని ఉంటే ఆ కట్టలు లేవు. ఆ వరదలోనే తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకున్న అమ్జద్ హైదరాబాదీ తర్వాత గొప్ప రుబాయీ కవి అయ్యాడు. దేవుణ్ణి తలిచాడు, నిజమే. ఆ తలపు ఆయనది. గట్టు మీద నిలబడి 'తలుచుకో' అనే హక్కు ఎవరికీ లేదు.

అసలు ఈ నోరు మూసుకునే భక్తి మనకెక్కడిది? గోల్కొండ చెరలో కంచెర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు, ఏం చేశాడు? 'ఇక్ష్వాకు కులతిలకా' కీర్తన తీసి చూడండి. చేయించిన నగ నగకూ ఎంతయిందో రాముడి ముందు లెక్క పెడతాడు. దెప్పుతాడు, తిడతాడు. ఆనక దెబ్బలు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకని బతిమాలతాడు. దెబ్బలు తిన్నవాడి భక్తి అట్లానే ఉంటుంది. భద్రాచలంలో ఆయన్ని తిట్టుబోతని ఎవరూ వెలివేయలేదు, వాగ్గేయకారుడని మొక్కారు. పాస్టరుగారికి యోబు గ్రంథం గుర్తు చేస్తాను. మొదట్లో స్తుతించిన యోబే తర్వాత తాను పుట్టిన దినాన్ని శపించాడు. అంతా నీ తప్పే, దేవుడు న్యాయవంతుడని నచ్చజెప్పడానికి వచ్చిన స్నేహితులకే చివర చీవాట్లు పడ్డాయి, దేవుడి నోటనే.

కృతజ్ఞత మనసుకు బలమిస్తుందని కొందరంటారు. ఇస్తుందేమో. సాయంత్రం గుమ్మంలో దీపం పెట్టి, కళ్లు మూసుకొని ఏదో గొణుక్కునే ఆడమనిషిని చూశాను. ఆమె కృతజ్ఞత చెప్పిందో, కొట్లాడిందో నాకు తెలియదు. అడగలేదు కూడా.

మన ఊరికి మొక్కు సంగతి తెలుసు. సికింద్రాబాద్ నుంచి ఉజ్జయిని వెళ్లిన డోలీ బేరర్ సురిటి అప్పయ్య, 1813లో ఇక్కడ కలరా కబురు విని, తగ్గితే నీకు గుడి కడతానని మహంకాళికి మొక్కుకున్నాడట. 'తగ్గితే' అన్నాడు, గమనించండి. బేరం పెట్టాడు, దేవతతోనే. తగ్గాకే ఇటు తిరిగొచ్చాడు, ప్రతిష్ఠ 1815లో. నేటికీ ఆషాఢంలో బోనం మోసే ఆడవాళ్లు అదే లెక్కన మోస్తారు. మర్నాడు భవిష్యవాణి చెప్పే రంగంలో, పచ్చికుండ మీద నిలబడ్డ మనిషి మీదికొచ్చిన అమ్మను జనం నిలదీస్తారు: వానలెట్ల? పంటలెట్ల? రోగాలొస్తయా? అమ్మ కోప్పడుతుంది, అయినా జవాబు చెబుతుంది.