అడిగితే రాదు... ఇస్తే వస్తుంది, మంచి మాట!

ఇంటిపట్టున నాలుగు రాళ్ళు

"చేతిలో పని ఉంది, ఇంట్లో సరుకు ఉంది, కొనేవాళ్ళే లేరు!" ఇంటిపట్టున ఏదో ఒకటి చేసి అమ్ముదామనుకునే అక్కాచెల్లెళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే ఇది. మీరూ అనే ఉంటారు.

పెర్కిట్ సంగతే తీసుకోండి. ఆర్మూర్‌ను ఆనుకుని, హైదరాబాద్–నాగపూర్ రోడ్డూ, నిజామాబాద్–జగిత్యాల రోడ్డూ కలిసేచోట ఉంది. చుట్టూ పసుపు పండించే ఊళ్ళే. సంక్రాంతి దాటిందంటే చాలు, తవ్విన పసుపు, ఉడుకుతున్న పసుపు వాసన, ఆరబోసిన కొమ్ములు! ఇలాంటి చోట ఒక ఇల్లాలు పసుపు పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్ముతానంటే "పసుపు ఊళ్ళో పసుపెవరు కొంటారమ్మా?" అని నవ్వేవాళ్ళే ఎక్కువ. నిజమే, కొనేవాళ్ళు ఊళ్ళో లేరు. హైదరాబాదులో ఉన్నారు, ముంబయిలో ఉన్నారు, దుబాయిలో మనవాళ్ళు ఉండే గదుల్లో ఉన్నారు. వాళ్ళకి మీరెవరో తెలియదు. మీ పసుపు మంచిదని వాళ్ళకి ఎవరు చెప్పాలి?

మీరే చెప్పుకుంటే లాభం లేదు. ఎవరి మజ్జిగ పుల్లగా ఉందని ఎవరు చెప్పుకుంటారు? మీ చెల్లెలో, మేనత్తో చెబితే "సొంతవాళ్ళు కాబట్టి చెబుతున్నారు" అంటారు. అదే, పచ్చళ్ళు పెట్టి అమ్మే ఇంకొక ఇల్లాలు తన దగ్గర కొనేవాళ్ళతో "నా ఆవకాయలో వేసేది ఫలానా ఆవిడ పట్టించిన పసుపే" అని ఒక్క ముక్క అందనుకోండి! వంద కరపత్రాలు పంచినా రాని నమ్మకం ఆ ఒక్క ముక్కతో వస్తుంది. ఎందుకంటే ఆవిడకీ ఒక పేరు ఉంది. ఆ పేరులోంచి కొంచెం తీసి మీకు అప్పు ఇస్తోందన్నమాట.

ఆ మాట ఎలా వస్తుంది? అదే ఈ వారం ముచ్చట.

వాయినం నేర్పే పాఠం

ఎవరైనా వాళ్ళింటికి వెళ్ళి "నాకు వాయినం ఇవ్వండి" అని అడుగుతారా? అడగరు. మనం నోము నోచుకుంటే మనమే నలుగురిని పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, చేతిలో పెడతాం. రేపు వాళ్ళింట్లో నోము ఉన్నప్పుడు వాళ్ళే మనల్ని పిలుస్తారు. బతుకమ్మ ఆడిన రాత్రి సద్దులు పంచుకునేటప్పుడు కూడా ఇంతే. ఎవరు ఎంత పెట్టారని లెక్క రాసుకోం. పక్కింటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే ఆ గిన్నె ఖాళీగా పంపకూడదని మన పెద్దవాళ్ళు నేర్పారు కదూ! వ్యాపారంలో మంచి మాట కూడా ఆ గిన్నె లాంటిదే. ముందు మీ వైపు నుంచి నిండుగా వెళ్ళాలి.

మన దగ్గరే దీనికి మంచి ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అక్కడి మహిళా సంఘాల ఆడవాళ్ళు జొన్న, కొర్ర, సామ లాంటి పాత విత్తనాలను ఇళ్ళల్లో దాచి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటూ కాపాడారు. చెయ్యి చాచిన వాళ్ళకి లేదనకుండా విత్తనం ఇస్తే, పంట వచ్చాక అది మళ్ళీ తిరిగి వస్తుంది. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. తలుపు వేసుకుని ఎవరి విత్తనం వాళ్ళే దాచుకుని ఉంటే ఆ పేరు వచ్చేదా?

ఎవరితో కలవాలి?

చాలామంది ఇక్కడే తడబడతారు. నేరుగా ఊళ్ళో అందరికన్నా పెద్ద దుకాణం దగ్గరికి వెళ్ళి "మా సరుకు గురించి చెప్పండి" అంటారు. పెద్దవాళ్ళకి రోజుకి పదిమంది అలా వస్తూనే ఉంటారు. మీ మొహం కూడా గుర్తుండదు.

మీ అంతటివాళ్ళతోనే మొదలుపెట్టండి. ఒక కాగితం మీద రాసుకోండి: కొనేవాళ్ళు ఒక్కరే, సరుకు మాత్రం వేరు, అలాంటి వాళ్ళు మీ చుట్టుపక్కల ఎవరెవరు? పచ్చళ్ళు పెట్టే అక్క, సకినాలు, గారెలు ఆర్డరు మీద చేసే వదిన, కారప్పొడులు పట్టే పెద్దమ్మ, పెళ్ళిళ్ళకి రవికలు కుట్టే చెల్లెలు. పసుపు అందరింటికీ కావాలి, పెళ్ళికైతే మరీను! మీ పొదుపు సంఘం నెల మీటింగులోనే ఇలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. కిస్తీ కట్టి వెంటనే లేచి రాకుండా ఒక్క పావుగంట కూర్చోండి. సరస్ మేళాలో స్టాలు దొరికితే, ఎదురుగా వచ్చే గిరాకీనే కాదు, పక్క స్టాలు ఆవిడనూ పలకరించండి.

ఇంకో సంగతి. మీలాగే పసుపు అమ్మే ఆవిడ మీకు శత్రువు కాదు. మీ దగ్గర పాత సరుకు అయిపోయి, కొత్త పంటకి ఇంకా రెండు నెలలు ఉందనుకోండి. గిరాకీని "లేదమ్మా" అని వెనక్కి పంపే బదులు "ఆవిడ దగ్గర మంచిది దొరుకుతుంది, వెళ్ళండి" అనండి. ఆ గిరాకీ మిమ్మల్ని వదిలిపోదు. నిజం చెప్పే మనిషని మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. ఆవిడ దగ్గర సరుకు లేని రోజున ఎవరి పేరు చెబుతుందో మీరే ఆలోచించండి!

ముందు మీరేం ఇవ్వాలి?

డబ్బు అక్కర్లేదు. ఇవి చాలు.

1. ఆవిడ సరుకు కొని వాడండి. ఊరికే అడిగి తీసుకోకండి. వాడకుండా పొగిడే పొగడ్త ఆవిడకి తెలిసిపోతుంది.

2. ఏం నచ్చిందో విడమరిచి చెప్పండి. "చాలా బాగుందక్కా" అందరూ అంటారు. "మూడు నెలలైనా ముక్క మెత్తబడలేదక్కా" అన్నారనుకోండి, అది గుర్తుండిపోతుంది.

3. మీ గిరాకీకి ఆవిడ పేరు చెప్పండి, ఫోన్ నంబరు ఇవ్వండి. ఆవిడని అడిగి ఇవ్వాలి సుమండీ! తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళి "చూశావా, నేనే పంపించాను" అనకండి. వచ్చినవాళ్ళే చెబుతారు.

4. ఒక చిట్కా ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పేరుతోనే చెప్పండి. వేరేవాళ్ళ వంటకాన్ని మీ పేరుతో చలామణి చేస్తే, ఆ సంగతి చేరాల్సిన చోటికి చేరి తీరుతుంది.

వాట్సాప్ ఉంది కదా అని ఒకే మెసేజి వంద గ్రూపుల్లో పెట్టి "అందరికీ పంపండి" అంటారు కొందరు. అది వీధిలో మైకు పెట్టి అరవడం లాంటిది. ఒక్కరికి, వాళ్ళ పేరు పెట్టి, వాళ్ళకి పనికొచ్చే సంగతి రాస్తే దాని విలువే వేరు.

చెప్పుకోదగ్గది ఉండాలి

ఎదుటి మనిషికి చెప్పాలని ఉన్నా, చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! "పసుపు బాగుంటుంది" అంటే ఎవరికీ గుర్తుండదు. మీ ప్యాకెట్‌లో అరచేతి అంత కాగితం ఒకటి పెట్టండి. అందులో మీ గొప్పలు రాయకండి, ఇల్లాలికి పనికొచ్చేవి రాయండి.

ఉదాహరణకి: ఈ పసుపు ఏ నెలలో తవ్వినది, ఎన్నాళ్ళు ఎండబెట్టినది, ఏ నెలలో పట్టించినది. పంట చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుందని, 100 కిలోల పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే 20, 25 కిలోలే మిగులుతుందని రాయండి. ధర ఎందుకంత అని ఇంకెవరూ అడగరు. బాగా ఎండిన కొమ్ము విరిస్తే ఖంగుమంటుందని రాయండి. సున్నం తగిలితే పసుపు ఎర్రబడడం దాని గుణమే, అందుకే పారాణి ఎర్రగా ఉంటుంది, అది కల్తీ కాదని రాయండి. అలాంటి కాగితాన్ని ఎవరూ పారెయ్యరు. పచ్చళ్ళ అక్క తన గిరాకీకి చూపిస్తుంది, ఆ గిరాకీ తన తోడికోడలికి ఫోటో తీసి పంపుతుంది. అడుగున మీ పేరు ఉండనే ఉంది!

అంకాపూర్ సంగతి

ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ నాటుకోడి కూర గురించి విననివాళ్ళు ఉన్నారా? ఆర్డరిస్తే అక్కడికక్కడే వండి, అన్నంతో సహా కట్టి ఇస్తారు. హైదరాబాద్ దాకా పార్సెళ్ళు వెళతాయి. తిన్నవాళ్ళు తిననివాళ్ళకి చెప్పగా చెప్పగా పాకిన పేరు అది. ఒక్క సంగతి గమనించండి: జనం "ఫలానా ఇంటి కూర" అనరు, "అంకాపూర్ కోడి" అంటారు. పేరు ఊరంతటిది! ఒకరు బాగా వండితే అందరికీ గిరాకీ. ఒకరు చెడగొడితే? అందరి పొయ్యీ చల్లారుతుంది.

మన పసుపూ అంతే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. బోర్డు పని బోర్డు చేస్తుంది. కానీ మీ ప్యాకెట్ విప్పిన ఇల్లాలు మొహం చిట్లిస్తే మాత్రం ఏ బోర్డూ అడ్డుపడలేదు.

ఇవి మాత్రం వద్దు

"నువ్వు నా గురించి చెప్పు, నేను నీ గురించి చెబుతా" అని ఒప్పందం పెట్టుకోకండి. ఇద్దరూ వాడని సరుకుని ఇద్దరూ పొగుడుతుంటే వినేవాళ్ళకి రెండో వారానికే అర్థమవుతుంది. పోయేది రెండు పేర్లు! మంచి మాటకి డబ్బు ముట్టచెప్పడమూ అంతే. కమీషన్ ఇచ్చి అమ్మించుకోవడం తప్పు కాదు, అదొక పద్ధతి. అయితే ఆ సంగతి కొనేవాళ్ళకి తెలిసేలా ఉండాలి. కమీషన్ తీసుకుంటూ "ఊరికే చెబుతున్నా, మంచిదని" అనడం మోసమే కదా!

మీరు పదిసార్లు చెప్పినా అవతలావిడ ఒక్కసారీ మీ పేరు ఎత్తలేదనుకోండి. నిష్ఠూరమాడకండి. కొందరి స్వభావం అంతే. మీ మాట విన్న గిరాకీ మాత్రం మిమ్మల్ని మరిచిపోదు. ఆవిడ సరుకు నిజంగా బాగుంటే చెబుతూనే ఉండండి, బాగాలేకపోతే మానేయండి.

ఆవిడ పేరు మీ ప్యాకెట్‌లో ఉంది

ఇక అసలు మాట. పచ్చళ్ళ అక్క మీ పసుపు మంచిదని చెప్పిందంటే, పదేళ్ళుగా తను సంపాదించుకున్న పేరు మీ ప్యాకెట్‌లో పెట్టిందన్నమాట. ఒక్కసారి నాసిరకం వెళితే మాట పడేది ముందు ఆవిడే.

పసుపులో నాసిరకమంటే రుచి తగ్గడం ఒక్కటే కాదు. రంగు కోసం మెటానిల్ ఎల్లో అనే రంగు, లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపేవాళ్ళున్నారు. సీసం పిల్లల మెదడుకి చేటు. బంగ్లాదేశ్‌లో మార్కెట్లో తీసిన పసుపు నమూనాల్లో 2019లో 47 శాతంలో సీసం కనబడింది. అధికారులు, పరిశోధకులు కలిసి గట్టిగా పట్టుకుంటే 2021 నాటికి అది సున్నాకి వచ్చింది. మనసు పెడితే ఆగుతుందన్నమాట!

కాబట్టి కొమ్ములు మీకు తెలిసిన రైతు దగ్గరే, మీ కళ్ళతో చూసి కొనండి. నిగనిగలాడే రంగు చూసి మోసపోకండి. పిండి గిర్నీలో మీ ముందే పట్టించండి, అంతకుముందు అందులో ఏం పట్టారో అడగండి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకీ అవసరమే, చేయించుకోండి. ఎప్పుడైనా ఒక బస్తా తేడాగా ఉందని మీకు అనిపిస్తే, మీ పేరు చెప్పిన వాళ్ళందరికీ ముందుగా మీరే ఫోన్ చేసి చెప్పండి. సరుకు వెనక్కి తీసుకోండి. ఆ నెల నష్టం వస్తుంది. కానీ "తప్పు జరిగితే తనే చెప్పే మనిషి" అనే మాట ఎన్ని ప్యాకెట్లు అమ్మితే వస్తుంది?

ఈ వారం ఒక్క పని చేయండి. మీకు నచ్చిన సరుకు చేసే ఒక ఇల్లాలి పేరు మీ గిరాకీల్లో ముగ్గురికి చెప్పండి. తిరిగి ఏం వస్తుందని చూడకండి. గిన్నె పంపండి, అంతే!

వంటింటి చిట్కా: గాజు గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాడు పసుపు పైన వేసి కలపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుగుకి దిగి, నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. రంగు కలిపినదైతే నీళ్ళు చిక్కటి పసుపుగా మారతాయి. సీసం ఉందో లేదో మాత్రం ఇంట్లో తేల్చలేం, దానికి ల్యాబు పరీక్షే దారి.