నరికిన చెట్టూ లెక్కలోకి రావాలి

ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలే దాని ప్రధాన స్థావరాలు. ఎండలు ముదిరి వానల తీరు మారితే ఆ చెట్టు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తగ్గిపోతుందో గణాంక నమూనాలతో అంచనా వేయవచ్చు. పద్ధతి సూటిగానే ఉంటుంది. చెట్టు కనిపించిన చోట్ల అక్షాంశ రేఖాంశాలకు వరల్డ్‌క్లిమ్ వంటి సమాచార నిధి నుంచి 1970–2000 నాటి సగటు వర్షపాతాన్నీ ఉష్ణోగ్రతనూ జతచేస్తారు. 2006లో ఫిలిప్స్, ఆండర్సన్, షాపైర్ ప్రతిపాదించిన మాక్సెంట్ అనే పద్ధతి ఆ చోట్లను పరిసర ప్రాంతంతో పోల్చి, దాదాపు కిలోమీటరు వెడల్పున్న ఒక్కో గడికీ ఎంత అనుకూలమో మార్కు వేస్తుంది.

ఇబ్బంది లెక్కలో లేదు, లెక్కకు అందించే సమాచారంలో ఉంది. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షలున్నా ఎర్రచందనం మీద గొడ్డలి వేటు ఆగలేదు. అందువల్ల నేడు చెట్లున్న చోటు వాతావరణం అనుకూలించిన చోటు మాత్రమే కాదు, దొంగల చేయి అందని చోటు కూడా. దారికి దగ్గరున్న ఒక కొండపాదాన్ని ఊహించండి. నేల సరైనదే, వాన సరిపడేదే, కానీ మిగిలినవి మొదళ్లే. బతికున్న చెట్లనే నమోదు చేస్తే, కొండపాదపు వేడి ఈ చెట్టుకు పడదని నమూనా నేర్చుకుంటుంది. గొడ్డలి చేసిన పనిని ఎండ ఖాతాలో రాస్తుంది. రేపటి ఉష్ణోగ్రతలు ఇచ్చి భవిష్యత్తు అడిగితే అదే పొరపాటు మరింత పెద్దదవుతుంది. నమూనాకు పరీక్షలో మంచి మార్కులు వచ్చాయన్నంత మాత్రాన ధీమా పడలేం. నేర్పిన చెట్ల పక్క చెట్లతోనే పరీక్షిస్తే ఏ నమూనా అయినా నెగ్గుతుంది. శేషాచలంలో నేర్పి వెలిగొండల్లో పరీక్షిస్తేనే అసలు సత్తా తెలుస్తుంది.

సంపూర్ణ సమాచారం కోసం కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందనే వాదనలో బలముంది. అందుకే నమూనాలను పక్కన పెట్టమనడం లేదు. ముందు ఎక్కడికెళ్లి వెతకాలో చెప్పడంలో వాటికి సాటి లేదు, ఎక్కడ నాటాలో తేల్చే తుది తీర్పు మాత్రం వాటిది కాదు. పైగా మొక్క బతకడం వేరు, ఎర్రటి చేవ కట్టడం వేరు. వాన, ఉష్ణోగ్రతల పటం రెండోదాని గురించి ఏమీ చెప్పదు. చెట్ల ఆచూకీ బయటపెడితే స్మగ్లర్లకు దారి చూపినట్టేనన్న భయమూ న్యాయమైనదే. అయితే కచ్చితమైన చోటును అటవీశాఖ దగ్గరే ఉంచుకుని, బయటి పరిశోధకులకు పది కిలోమీటర్ల గడి వరకే చెప్పవచ్చు. సూక్ష్మ లెక్కలు శాఖ లోపలే చేయించవచ్చు.

కావలసింది ఖరీదైన కొత్త సాఫ్ట్‌వేర్ కాదు. అటవీశాఖ బీట్ సిబ్బంది గస్తీకి వెళ్లినప్పుడు చెట్టున్న చోటుతో పాటు వెతికినా కనబడని చోటును, నరికిన మొదలున్న చోటును కూడా రాసుకోవాలి. పటం చూపి మొక్కల పెంపకానికి నిధులు అడిగేవారు, ఆ పటాన్ని ఏ కొండమీద పరీక్షించారో, అక్కడ ఎంత తప్పిందో కూడా ప్రతిపాదనలోనే చూపాలి. చూపలేకపోతే ఆ పైసలు ముందు క్షేత్ర సర్వేకి వెళ్లాలి.